గాయని రాయి కింద

నాలుగో బిళ్ల ఊడి రాలేదు. మంచుకు కరిగి, తెల్లారేసరికి రాయికి అతుక్కుపోయింది. గోరుతో గీకితే వస్తుంది కానీ గీత మిగులుతుంది. ఇనుము అసలు తాకించకూడదు. నీళ్లక్క చెంబులోంచి గోరువెచ్చటి నీళ్లు రెండు చుక్కలు దాని మీద వేసి, మెత్తబడేదాకా మోకాళ్ల మీద కూర్చుని చూసింది. చీమలు కూడా చుట్టూ ఆగి చూస్తున్నాయి. కాసేపటికి చెక్కపుల్లను బిళ్ల అంచు కిందకు జొనిపి పైకి లేపింది. బిళ్ల టప్పున ఊడి డబ్బాలో పడింది.

అవి గొంతు బిళ్లలు, దగ్గు వచ్చినప్పుడు చప్పరించేవి. ఆ రాయి మీద ఉన్న పేరు ఒక గాయనిది. పాట నేర్చుకునేవాళ్లు, పోటీలకు వెళ్లబోయేవాళ్లు, జబ్బు చేసి గొంతు పోయినవాళ్లు, ఏమీ లేక ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా రాయి నెత్తిన ఒక బిళ్ల పెట్టి, అరచేత్తో తాకి, కళ్లు మూసుకుంటారు. ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పదేళ్ల కిందట లేదు. ఇప్పుడు గేటు బయట కొట్టువాడు వేరే సరుకు తగ్గించి అవే అమ్ముతున్నాడు.

రాయి మోకాలెత్తు కూడా లేదు. నీళ్లక్క కుచ్చు బ్రష్షు ముంచి, అడుగు నుంచి మొదలుపెట్టి పైకి తడుపుతూ వచ్చింది. పై నుంచి పోస్తే మురికి నీళ్లు పొడి రాయి మీద చారలు కట్టి ఇంకిపోతాయి. ఆ చారలు తర్వాత ఎంత తోమినా పోవు. సబ్బు పెట్టకూడదు. అక్షరాల్లోని నాచును పుల్లతోనే తీయాలి. ముప్పై రెండేళ్లుగా ఈ శ్మశానంలో ఆమె పని ఇదే. మోకాళ్లకు గోనె ముక్కలు కట్టుకుంటుంది. వేళ్ల చివర్లు ఎప్పుడూ నానిపోయి, తెల్లగా ముడతలు పడి ఉంటాయి. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ ఎవరి నోటా లేదు. నీళ్లు మోసే అక్క కాబట్టి నీళ్లక్క.

రాయిని పాత గుడ్డతో అద్దింది. రాయి ముందున్న కొద్దిపాటి మట్టి మీద రాలిన ఆకులు ఏరింది. చెయ్యి ఆ మట్టి మీద కాసేపు అలాగే ఉంచింది.

ఆ రాయి కింద గాయని లేదు. పదకొండు నెలల పాప ఉంది. గాయని అటు పక్క, ఒక సమాధి దాటాక, పాప పేరున్న రాయి కింద ఉంది. బతికున్నవాళ్లలో ఈ సంగతి తెలిసింది నీళ్లక్కకు ఒక్కదానికే. చంటిదానికి ఎవరో ఒకరు రోజూ తీపి పెడుతున్నారులే అని చాలా ఏళ్లు మనసుకు చెప్పుకుంది. బిళ్లలు డబ్బాలో వేసుకున్నప్పుడల్లా ఆ మాట కొంచెం కొంచెం అరిగిపోయింది.

ఈ రోజు నెలలో మొదటి బుధవారం. పాప తల్లి వచ్చే రోజు.

ఎండ గోడ దిగేసరికి కొలతలాయన వచ్చాడు. చెవి సందున పెన్సిలు, చేతిలో టేపు. గాయని రాయి చుట్టూ నాలుగు మేకులు దిగ్గొట్టి తాడు కట్టాడు.

"ఎంత లోతు తవ్వుతారు సార్?" అని అడిగింది నీళ్లక్క.

"తవ్వడమేముంది, అరుగే కదా. కింద జానెడు, మీద జానెడు. కంకర పోసి కాంక్రీటు వేస్తాం. ఏనుగొచ్చి నిలబడినా కదలదు."

"మరి రాయి?"

"దాంట్లోనే బిగించేస్తాం. ఇంక వందేళ్లు నీకు పని తక్కువ. రేపు పొద్దున్నే మొదలు. ఇదిగో, ఈ తాడు ఎవర్నీ తొక్కనివ్వకు. కొలత పోతే నన్ను తిడతారు."

ఆమె తాడు వైపు చూసింది. రేపటి నుంచి ఆ మట్టి ఎవరి చేతికీ అందదు.

బకెట్టు నింపుకోవడానికి వెళ్తూ ఆఫీసు ముందు ఆగింది. లోపల పెద్దసారు గోడకు కొత్త పటం అంటిస్తున్నాడు. శ్మశానం పటమే, కానీ పైన 'స్మృతివనం' అని రాసి ఉంది. నడిచే దారులు రంగురంగుల్లో ఉన్నాయి. గాయని దగ్గర పెద్ద నక్షత్రం ఉంది.

"సార్, పాత రోజుల్లో ఎక్కడైనా రాళ్లు అటూ ఇటూ అయి ఉంటే ఏం చేస్తారు?"

"ఏ రాళ్లు?"

"ఊరికే అడిగాను."

పెద్దసారు పటం వదిలేసి ఇటు తిరిగాడు. పటం ఒక మూల ఊడి వేలాడింది. "ఊరికే అడిగినట్టు లేదు నీళ్లక్కా. ఈ జనమంతా ఏ రాయి కోసం వస్తున్నారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీకేదన్నా తెలిసినా తెలియనట్టే ఉండు. ఉద్యోగంతో పాటు ఇల్లొచ్చింది నీకు. ఉద్యోగంతో పాటే పోతుంది. ఇంకా రెండేళ్లుంది కదా, కడుపులో చల్ల కదలకుండా కానిచ్చుకో."

"అలాగే సార్."

"నువ్వేమీ అడగలేదు, నేనేమీ వినలేదు."

"అలాగే."

బకెట్టు నిండి పొర్లింది. ఆమె ఒంపకుండా ఎత్తుకుంది.

ఇరవై ఆరేళ్ల కిందట గాలివాన వచ్చింది. గోడ పక్క వరసలో ఉన్న పెద్ద చెట్టు కూలి మూడు చిన్న రాళ్లు పెకిలిపోయాయి. మొదటిది పాపది, నడిమిది ఒక పోస్టుమాన్‌ది, చివరిది గాయనిది. గాయని రాయి కూడా చిన్నదే. చచ్చిపోయినప్పుడు ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. ఆవిడ తాలూకువాళ్లు చవగ్గా వస్తుందని పిల్లల కొలత రాయి కొన్నారు. పోస్టుమాన్ వాళ్లదీ అదే సంగతి. మూడింటికీ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. ఆ వరసకు ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

నీళ్లక్క భర్త ఇక్కడే గుంటలు తవ్వేవాడు. చదువు రాదు. మర్నాడు పైవాళ్ల తనిఖీ ఉందని ఇద్దరూ ఆ రాళ్లను హడావిడిగా నిలబెట్టారు. పడిన రాయిని వెల్లకిలా పెడితే అక్షరాల్లో నీళ్లు నిలుస్తాయని బోర్లా పెట్టడం ఆయన అలవాటు. ఎప్పుడూ బాట మీద నిలబడి తన ఎడమ నుంచి మొదలుపెట్టడం ఇంకో అలవాటు. ఆ రోజు బాటకు అడ్డంగా చెట్టు ఉంది. అందుకని గోడ వైపు నిలబడ్డాడు. ఆమె ఎప్పటిలాగే మొదటిది, రెండోది, మూడోది అని వరసలో అందించింది. ఆయన ఎప్పటిలాగే తన ఎడమ నుంచి నాటుకుంటూ పోయాడు. గోడ వైపు నుంచి ఎడమ అంటే బాట వైపు నుంచి కుడి. పోస్టుమాన్ ఒక్కడే తన చోటికి తాను చేరాడు.

మరుసటి ఏడు వానలకు నేల కుంగింది. కింద పెట్టె చివికితే పైన మట్టి గుంట కొలతలోనే దిగుతుంది. గుంటలు తవ్వినవాడి కన్ను దాన్ని దాటిపోదు. గాయని రాయి ముందు రెండున్నర అడుగుల పల్లం, పాప రాయి ముందు ఆరడుగుల పల్లం. ఏ రాయి మీద ఎవరి పేరుందో ఆమె చదివి చెప్పగా ఆయనకు తెలుసు. ఆయన పార నేలకు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. రెండు పల్లాలూ పూడ్చి ఇంటికొచ్చి, అన్నం తింటూ, "రాళ్లు తారుమారయ్యాయే" అన్నాడు. "ఎవరొస్తున్నార్లే. రేపు మారుద్దాం."

మర్నాడు పొద్దున్నే పాప తల్లి వచ్చింది. ఊళ్లోకి తిరిగొచ్చి వారం అయిందట. పాపను పాతిపెట్టిన రోజున ఆవిడ ఆసుపత్రిలో ఉంది. తల్లీ పిల్లా ఇద్దరికీ ఒకటే జ్వరం. ఆవిడ లేచేసరికి అన్నీ అయిపోయాయి. తర్వాత భర్త ఇంకో దారి చూసుకున్నాడు. ఆవిడ బతుకుతెరువు కోసం వేరే ఊరు వెళ్లిపోయింది. పాప పేరున్న రాయి ఎక్కడుందో వెతుక్కుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. పార తీసుకుని వస్తున్న నీళ్లక్క భర్త సగం దారిలో ఆగిపోయి వెనక్కి తిరిగాడు. "ఏడుస్తున్న మనిషి చేతుల్లోంచి రాయి ఎలా పీకమంటావు?" అన్నాడు.

ఆ రోజు ఆవిడను ఇంట్లోకి పిలిచి టీ ఇచ్చింది నీళ్లక్క. అలా మొదలైంది. చెప్పవలసిన మాట పాలలాంటిది, ఏ రోజుది ఆ రోజే కాయాలి. భర్త ఒకసారి రాళ్ల అడుగున సిమెంటు కూడా పోశాడు, ఇంక ఎవరూ కదపకుండా. తొమ్మిదేళ్ల కిందట ఆయన పోయాడు. ఈలోగా ఎవరికో పాత రికార్డు ఒకటి దొరికి, గాయని గొంతు లోకమంతా తిరిగింది.

పదకొండు గంటలకు గొడుగు వచ్చింది. గొడుగంటే మనుషులను వెంటబెట్టుకుని తిప్పేవాడు. వాన ఉన్నా లేకపోయినా పసుపుపచ్చ గొడుగు ఒకటి ఎత్తి పట్టుకుని ముందు నడుస్తాడు. వెనక పాతిక ముప్పైమంది.

"చూడండి, ఎంత చిన్న రాయో. ఆవిడే కోరుకుందండీ, 'నా పాట పెద్దది, నా రాయి చిన్నదిగా ఉండాలి' అని." జనం తలలూపారు. నీళ్లక్క పోస్టుమాన్ రాయి తోముతూ ఉంది. "ఇదిగో, ఈ అక్క రోజూ ఆవిడకి స్నానం చేయిస్తుంది. ముప్పై ఏళ్లుగా పక్కనే ఉంది, ఒక్క కూని రాగం కూడా రాలేదు. ఏం అక్కా, నీ నెత్తిన కూడా ఒక బిళ్ల పెట్టమంటావా, నోరు తెరుస్తావేమో."

అందరూ నవ్వారు. నీళ్లక్క కూడా నవ్వింది. "నేను నోరు తెరిస్తే నీ గొడుగు మూసుకోవాలి నాయనా" అంది. ఇంకా నవ్వారు.

వాళ్లు వరసలో నిలబడి, తాడు దాటి, ఒక్కొక్కరే వంగి బిళ్ల పెట్టారు. బూట్లు, చెప్పులు ఆ రెండున్నర అడుగుల మట్టి మీద ఆగి కదిలాయి. బరువైన ఒకాయన ఫోటో కోసం దాని మీదే నిలబడి, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదకు మార్చుకున్నాడు. నీళ్లక్క బ్రష్షు పిండింది. పిండిన బ్రష్షునే మళ్లీ పిండింది.

రెండు గంటలకు వదిన వచ్చింది, పాప తల్లి. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. అన్నలూ తమ్ముళ్లూ ఎవరూ లేని వరస అది, దానంతటదే కుదిరింది. వదిన పాత బట్టలు సరిచేసే కుట్టుపని చేస్తుంది. సన్నటి మనిషి. ఎడమ చూపుడువేలి చివర సూది గుచ్చుకున్న చుక్కలు నల్లగా నిలిచిపోయాయి. రెండు బస్సులు మారి వస్తుంది.

"చూశావా వదినా, గేటు దగ్గర చీటీ ఇచ్చారు నాకు. 'సందర్శకురాలు' అట. నా కూతుర్ని చూసుకోవడానికి నేను సందర్శకురాలిని."

"కొత్తమ్మాయి లెండి, తెలీదు."

"ఇంతకుముందు గేటుకి గొళ్లెం కూడా ఉండేది కాదు. చచ్చినవాళ్లకి దర్జా పెరిగింది."

పాప పేరున్న రాయి ముందు చతికిలపడి, ఎప్పటిలాగే కబుర్లు మొదలుపెట్టింది. ఎవరి కోటు చేతులు పొట్టివయ్యాయో, ఇంటి పైకప్పు ఎక్కడ కారుతోందో. పెద్దగా కాదు, పక్క గదిలో ఉన్న మనిషికి వినిపించేంత. నీళ్లక్క ఆ మాటలు వినపడే దూరంలో ఆకులు ఊడుస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లుగా ఆమె ఇంటికి మనిషంటూ వచ్చేది ఈవిడే. నెలకొకసారి రెండు కప్పులు కడుక్కోవలసి వచ్చేది ఈ ఒక్క రోజే.

"ఏంటి వదినా ఆ తాళ్లు?"

"గాయనికి అరుగు కడుతున్నారు. రేపు."

"పాపం ఆవిడ. బతికున్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదంటారు, ఇప్పుడు ఇంత గోల." వదిన రాయి నెత్తి నిమిరింది. "మా పిల్లకి ఆ బాధ లేదు. హాయిగా ఓ పక్కన పడుకుంది."

చీపురు ఆగింది.

"టీ పెడతాను, రండి వదినా" అంది నీళ్లక్క.

గేటు పక్కన రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు భర్త టోపీ. కిటికీలోంచి గోడ పక్క వరస కనిపిస్తుంది. వదిన ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. నీళ్లక్క కప్పు ఆవిడ ముందు పెట్టి, తన కప్పు పోసుకోవడం మర్చిపోయి కూర్చుంది.

"నువ్వు తాగవా?"

"వదినా, ఒక మాట చెప్పాలి. మధ్యలో ఆపకండి, ఆపితే నేను చెప్పలేను."

"నీ ఒంట్లో ఏమన్నా..."

"నాకేం కాలేదు. మీ పాప ఆ రాయి కింద లేదు."

వదిన కప్పు పెదవుల దగ్గరిదాకా వచ్చి ఆగింది. నీళ్లక్క గాలివాన నుంచి మొదలుపెట్టింది. ఎవరు ఎటు నిలబడ్డారో, రాళ్లు ఏ వరసలో అందించిందో, మట్టి ఎంత పొడుగున కుంగిందో చెప్పింది. పని ఎలా చేశారో చెబుతున్నట్టే చెప్పింది. ఆ మాటలకు ఇంకో తీరు ఆమెకు తెలియదు. "ఆ జనం నిలబడేచోట ఉంది పాప. రేపు పొద్దున్న దాని మీద కాంక్రీటు వేస్తారు. ఈ రోజు అయితే ఇంకా మట్టే ఉంది. అందుకని చెబుతున్నాను. మీరు ఆఫీసులో చెప్పండి. నేను వచ్చి చెప్పమన్నా చెబుతాను."

వదిన కప్పు కింద పెట్టింది. టీ ఒలికి బల్ల మీద చిన్న చారగా పారింది. ఇద్దరూ దాన్నే చూశారు, ఎవరూ తుడవలేదు.

"మీ ఆయనకి తెలుసా?"

"ఆయనే ముందు చూశారు."

"ఆరడుగుల పల్లం అన్నావు. ఆ పల్లం మీద కూర్చున్నానా నేను ఇన్నాళ్లూ?"

"పూడ్చేశారు వదినా. పల్లం లేదు."

వదిన చూపుడువేలి మీది నల్ల చుక్కలను బొటనవేలితో రుద్దుకుంది. బయట గొడుగు గొంతు వినిపించింది, సాయంత్రం వరస వచ్చినట్టుంది.

"నేను మొదటిసారి వచ్చిన రోజున, నన్ను చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చి, ఇదే కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చావు చూడు. అప్పటికి నీకు తెలుసా?"

నీళ్లక్క అబద్ధం చెప్పవచ్చు. ఆ తర్వాత తెలిసిందంటే సరిపోయేది. ఆ అబద్ధం అడగకుండానే అందివచ్చింది, ఎదురుగా ఉంది.

"ముందు రోజే తెలిసింది" అంది.

వదిన లేచింది. కుర్చీని ఎప్పటిలాగే బల్ల కిందకు నెట్టింది. నీళ్లక్క కూడా లేచి నిలబడింది, ఏదో ఒక మాట కోసం. తిట్టు అయినా సరే. వదిన ఆమె మొహం వైపు చూడలేదు. గోడ మీది టోపీని ఒకసారి చూసి, గుమ్మం దాటి వెళ్లిపోయింది.

నీళ్లక్క కిటికీ దగ్గరకు వెళ్లింది. ఆఫీసు తలుపు బార్లా తెరిచి ఉంది. వదిన అటు తిరగలేదు. పాప పేరున్న రాయి పక్క నుంచి ఆగకుండా నడిచింది. పసుపుపచ్చ గొడుగు వెనక ఇరవైమంది దాకా వరసలో ఉన్నారు, చేతుల్లో బిళ్లలతో. వదిన వెళ్లి అందరికంటే వెనక నిలబడింది. ముందున్నావిడ వెనక్కి తిరిగి ఏదో అడిగింది. వదిన తల అడ్డంగా ఊపింది. వరస ఒక అడుగు కదిలింది, వదిన కూడా ఒక అడుగు వేసింది.

ఎవరి వంతు వస్తే వాళ్లు తాడు దాటి వంగుతున్నారు. ఇంకా పదిహేనుమంది. నీళ్లక్క కిటికీ చువ్వ పట్టుకుని, వదిన వంతు వచ్చేదాకా చూడాలనుకుంది. పన్నెండుమంది ఉండగానే కిటికీకి వీపు తిప్పింది. అది తను చూడవలసింది కాదనిపించింది.

బల్ల మీద టీ చార అంచు దాకా వచ్చి ఆగింది. తలుపు వేయబోయి గుమ్మం దగ్గర నిలిచిపోయింది.

వదిన చెప్పులు అక్కడే ఉన్నాయి. వేళ్లు ఇంటి లోపలికి, మడమలు బయటికి, విడిచింది విడిచినట్టే. బయటి అంచున అరిగిన మడమల మీద బాట ఎర్రమన్ను ఇంకా తడిగా ఉంది. ఎడమ చెప్పు పట్టీ ఎప్పుడో తెగితే నీలం దారంతో, సన్నటి దగ్గరి కుట్లతో, విప్పడానికి వీల్లేకుండా కుట్టి ఉంది.